చిన్న ట్యాబా, పెద్ద ట్యాబా: కొనే ముందు ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

ట్యాబ్ కొనదలచినవారు ప్రాసెసర్ గురించీ, మెమరీ గురించీ వారాల తరబడి ఆరా తీస్తారు. తెర పరిమాణాన్ని మాత్రం దుకాణంలో నిలబడి రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. నిజానికి రోజూ కంటికీ చేతికీ పనిపెట్టేది ఆ పరిమాణమే. ప్రాసెసర్ కొంచెం నెమ్మదిగా ఉన్నా సర్దుకుపోవచ్చు గాని, అక్షరాలు పోల్చుకోలేనంత చిన్న తెరతోనో, కాసేపు పట్టుకుంటే మణికట్టు లాగేసే పెద్ద తెరతోనో ఏళ్ల తరబడి సర్దుకుపోవడం కష్టం. ఇప్పుడు దొరుకుతున్నవాటిలో 8 నుంచి 9 అంగుళాల లోపువి చిన్నవి, 10, 11 అంగుళాలవి మధ్యరకం, 12 నుంచి 14.6 అంగుళాల దాకా ఉన్నవి బాగా పెద్దవి. చాలామంది తటపటాయించేది 8 అంగుళాలకూ 11 అంగుళాలకూ మధ్యనే కాబట్టి ఇక్కడ ప్రధానంగా వాటినే పోలుస్తాను. 13 అంగుళాలవాటిని అవసరమైన చోట మాత్రమే ప్రస్తావిస్తాను.

అంగుళాల లెక్కలోని తిరకాసు

డబ్బా మీద రాసే అంగుళాలు తెర వెడల్పును చెప్పవు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఐమూలగా తీసిన కొలత అది. అందువల్ల రెండు తెరల అంగుళాలు ఒకటే అయినా వాటి వెడల్పు ఒకటే కానక్కరలేదు, ఒక్కోసారి లెక్క తిరగబడుతుంది కూడా. 2024లో వచ్చిన ఐప్యాడ్ మినీ తెర 8.3 అంగుళాలు, శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ9 తెర 8.7 అంగుళాలు. అంకెను బట్టి రెండోదే పెద్దదనిపిస్తుంది. నిలువుగా పట్టుకుని వెడల్పు కొలిస్తే మినీ తెర సుమారు 4.56 అంగుళాలు, ఏ9 తెర 4.46 అంగుళాలు. అంటే పెద్ద అంకె ఉన్న ట్యాబే కొంచెం సన్నం. దాని అదనపు కొలతంతా పొడవులోకి పోయింది.

విస్తీర్ణం విషయంలో అంగుళాల తేడా మరోలా మోసం చేస్తుంది. 8.3 నుంచి 11కి వెళ్లడమంటే మూడు అంగుళాల లోపు తేడాయే కదా అనిపిస్తుంది గాని, తెర విస్తీర్ణం దాదాపు 32 చదరపు అంగుళాల నుంచి 55 దాకా పెరుగుతుంది. 11 అంగుళాల ఐప్యాడ్‌ను అడ్డంగా తిప్పి తెరను నడిమికి రెండు భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక మినీ తెర కంటే కాస్త చిన్నగా ఉంటుంది. 2010 అక్టోబరులో అప్పటి ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ 7 అంగుళాల ట్యాబ్‌లను కొట్టిపారేస్తూ చూపిన లెక్క కూడా ఇదే: 7 అంగుళాల తెర విస్తీర్ణం అప్పటి ఐప్యాడ్ తెరలో 45 శాతమేనని ఆయన వాదన. రెండేళ్లు తిరిగేసరికి, 2012లో, ఆపిల్ సంస్థే 7.9 అంగుళాల మినీని తెచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

"నా ఫోనే 6.8 అంగుళాలుంది, ఇంక 8 అంగుళాల ట్యాబ్ ఎందుకు?" అన్నది తరచుగా వినబడే ప్రశ్న. సగం న్యాయమైన ప్రశ్నే. ఈనాటి ఫోన్లు పొడవుగా, సన్నగా ఉంటాయి; 6.8 అంగుళాల ఫోన్ తెర వెడల్పు 2.9 అంగుళాల లోపే. దానితో పోలిస్తే మినీ వెడల్పు 60 శాతం ఎక్కువ. చదువుకోవడానికి ఇది చాలా పెద్ద తేడా. అదే సినిమాకు వస్తే, ఫోన్‌ను అడ్డంగా పట్టుకున్నప్పుడు స్కోప్ చిత్రం (ఎత్తుకు రెండు రెట్లకు మించిన వెడల్పున్న సినిమా) ఆరు అంగుళాల పైచిలుకు వెడల్పున కనిపిస్తుంది, మినీలో ఏడు అంగుళాలకు కాస్త తక్కువగా. ఆ కొద్దిపాటి లాభం కోసం వేల రూపాయలు పెట్టడం నా దృష్టిలో దండగ. కాబట్టి మొదట తేల్చుకోవలసిన విషయమిది: మీరు కొనేది ప్రధానంగా చదవడానికా, చూడడానికా? చూడడానికే అయితే చిన్న ట్యాబ్ ఆలోచనను ఇక్కడే వదిలేయవచ్చు.

మీరు చదివే పేజీ ఎంతకు కుంచించుకుపోతుంది

చదవడం అన్న మాటలో మళ్లీ రెండు రకాలున్నాయి. వార్తల సైట్లు, ఈ-పుస్తకాలు వంటివాటిలో అక్షరాలను మనకు కావలసినంత పెంచుకోవచ్చు. పెంచిన కొద్దీ వాక్యాలు తెరకు తగినట్టు సర్దుకుంటాయి. ఇలాంటివే చదివేవారికి చిన్న తెర ఏ ఇబ్బందీ పెట్టదు, కాకపోతే పేజీలు ఎక్కువసార్లు తిప్పవలసి వస్తుంది. చిక్కంతా పీడీఎఫ్‌లతోనూ, స్కాన్ చేసిన పేజీలతోనూ వస్తుంది. వాటిలో పేజీ ఒక బొమ్మలా బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి తెర చిన్నదైతే అక్షరం కూడా అదే నిష్పత్తిలో చిన్నదవుతుంది. గ్రూప్స్ పరీక్షలకు చదివేవారి నోట్సు, ప్రభుత్వ ఉత్తర్వులు, బ్యాంకు కాగితాలు, కళాశాల మెటీరియల్, ఇవన్నీ చాలావరకు ఏ4 పీడీఎఫ్‌లే.

ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, అంటే 8.27 అంగుళాలు. దాని ఐమూల కొలత 14 అంగుళాల పైమాటే కనుక 11 అంగుళాల తెరలో కూడా అది పూర్తి పరిమాణంలో పట్టదు. పేజీ మొత్తం ఒకేసారి కనబడేలా పెట్టుకుంటే చిన్న ట్యాబ్‌లలో అసలు పరిమాణంలో దాదాపు 55 శాతానికీ, 16:10 నిష్పత్తిలో (పొడవు 16 పాళ్లయితే వెడల్పు 10 పాళ్లు) ఉండే 11 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో 70 శాతానికీ, 11 అంగుళాల ఐప్యాడ్‌లో 75 శాతానికీ, 13 అంగుళాల ఐప్యాడ్ ఎయిర్‌లో 89 శాతానికీ తగ్గుతుంది. 12 పాయింట్లలో (అచ్చు అక్షరం పరిమాణాన్ని పాయింట్లలో కొలుస్తారు) అచ్చయిన తెలుగు అక్షరం చిన్న ట్యాబ్‌లో ఆరున్నర పాయింట్లకు దిగిపోతుందన్నమాట. ఇంగ్లిష్ అయితే ఆ పరిమాణంలో కళ్లు చికిలించి ఎలాగో చదవవచ్చు. తెలుగులో ఒకే అక్షరం మీద తలకట్టో గుడో, కింద వత్తో రెండు వత్తులో వచ్చి చేరతాయి. 'ద'కూ 'ధ'కూ, 'ప'కూ 'ఫ'కూ మధ్య తేడా ఒక్క చిన్న గీతలో ఉంటుంది. 'స్త్రీ' అన్న అక్షరాన్ని ఆరున్నర పాయింట్లలో అచ్చువేసి చూస్తే ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తుంది.

దీనికి తోడు తెర నాణ్యత కూడా లెక్కలోకి వస్తుంది. చిన్న తెర కాబట్టి అక్షరాలు స్ఫుటంగా ఉంటాయని అనుకోకూడదు. మినీలో అంగుళానికి 326 పిక్సెళ్లు, అంటే తెర మీద బొమ్మను కూర్చే చుక్కలు, ఉంటే, దాదాపు అంతే తెర ఉన్న ట్యాబ్ ఏ9లో 180కి కొంచెం తక్కువగానే ఉంటాయి. తక్కువ పిక్సెళ్లున్న చిన్న తెర మీద కుంచించుకుపోయిన తెలుగు పీడీఎఫ్ చదవాలంటే వత్తులు అలుక్కుపోయి ఊహించి చదవవలసి వస్తుంది. పీడీఎఫ్‌లు ముఖ్యమైతే చిన్న ట్యాబ్‌లో అంగుళానికి 250 పిక్సెళ్లకు తగ్గనిది తీసుకోమని నా సలహా. అంతటి నాణ్యత మీ బడ్జెట్‌లో దొరకకపోతే పెద్ద తెరకు వెళ్లడమే మేలు.

చిన్న ట్యాబ్‌తోనే పని గడుపుకోవాలనుకునేవారికి రెండు ఉపాయాలున్నాయి. మొదటిది, పేజీ అంచుల్లోని తెల్ల ఖాళీని కత్తిరించి చూపే సదుపాయమున్న పీడీఎఫ్ యాప్‌ను వాడడం. ఏ4 పేజీకి ఇరువైపులా అంగుళం చొప్పున మార్జిన్ ఉంటే, దాన్ని తీసేసినప్పుడు మినీలోనే అక్షరం 55 నుంచి 73 శాతానికి పెరుగుతుంది. అంటే కత్తిరించని 11 అంగుళాల తెరకు దగ్గరగా వస్తుంది. రెండోది ట్యాబ్‌ను అడ్డంగా తిప్పి చదవడం. మినీని అడ్డంగా పెడితే పేజీ 84 శాతానికి పెరిగి, నిలువుగా పట్టుకున్న 11 అంగుళాల ఐప్యాడ్‌ను కూడా మించిపోతుంది. కాకపోతే పేజీలో సగం కంటే తక్కువ భాగమే ఒకసారికి కనబడుతుంది కాబట్టి కథలూ వ్యాసాలూ అలా జరుపుకుంటూ చదువుకోవచ్చు గాని, పైన పటం, కింద దాని వివరణ ఉండే పాఠ్యపుస్తకం చదవడం విసుగు పుట్టిస్తుంది.

పాత తెలుగు పుస్తకాల స్కాన్లు చదివేవారి సంగతి వేరు, వారికి చిన్న ట్యాబ్ అనుకున్నదానికంటే బాగా పనికొస్తుంది. మన పుస్తకాల్లో ఎక్కువభాగం డెమ్మీ 1/8 సైజులో, అంటే సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తున అచ్చయినవే. ఆ పేజీ మినీలో 82 శాతం పరిమాణంలో కనబడుతుంది. 11 అంగుళాల ఐప్యాడ్‌లో అయితే అచ్చు పుస్తకం కంటే ఇసుమంత పెద్దగానే కనబడుతుంది. దినపత్రికల ఈ-పేపర్ మాత్రం ఏ ట్యాబ్‌లోనూ పూర్తి పేజీగా చదవగలిగేది కాదు, ఏ వార్తకు ఆ వార్త తాకి విడిగా తెరుచుకోవలసిందే కనుక దాని కోసం పెద్ద తెర కొననవసరం లేదు.

జెరాక్స్ పరీక్ష

ఈ శాతాలన్నీ కాగితం మీద లెక్కలే. మీ కంటికి ఏది సరిపోతుందో మీరే చూసుకోవాలి. అందుకు దుకాణం దాకా వెళ్లనక్కరలేదు. మీరు రోజూ చదివే రకం పీడీఎఫ్ నుంచి కాస్త చిన్న అక్షరాలున్న ఒక పేజీని ఏ4 మీద ప్రింటు తీసుకుని, వీధి చివరి జెరాక్స్ షాపులో దాన్ని ఒకసారి 55 శాతానికీ, మరోసారి 75 శాతానికీ తగ్గించి తీయమని అడగండి. ఆ యంత్రాల్లో చాలావాటిలో తగ్గించే మీట ఉంటుంది, ఖర్చు కొద్ది రూపాయలు. పగటి వెలుగులో కాకుండా, మీరు సాధారణంగా చదివే వేళలో, చదివే చోట, మీ కళ్లద్దాలతోనే ఆ రెండు కాగితాలనూ చెరో పావుగంట చదవండి. 55 శాతం కాగితం హాయిగా చదవగలిగితే చిన్న ట్యాబ్ మీకు నిశ్చింతగా సరిపోతుంది. దాన్ని తెలియకుండానే ముఖానికి దగ్గరగా తెచ్చుకుంటున్నారంటే సరిపోనట్టే. నలభై దాటినవారిలో చాలామంది 75 దగ్గరే ఆగుతారు. 75 కూడా ఇబ్బందిగా ఉంటేనే 13 అంగుళాల గురించి ఆలోచించాలి.

అట్టముక్కలతో మరో పరీక్ష చేయవచ్చు. పాత క్యాలెండర్ అట్టను మీరు అనుకుంటున్న ట్యాబ్‌ల పూర్తి కొలతలకు కత్తిరించుకోండి. తెర కొలతలు కాదు, అంచులతో సహా మొత్తం పొడవు, వెడల్పు తయారీదారుల సైట్లలో మిల్లీమీటర్లలో ఉంటాయి. వాటిని మీ చేతిసంచిలో, ఆఫీసు బ్యాగులో, స్కూటీ డిక్కీలో పెట్టి చూడండి. మంచం పక్కన ట్యాబ్ పెట్టుకునే బల్ల మీద కూడా పెట్టి చూడాలి. 13 అంగుళాల అట్ట ఇరుక్కోకుండా పట్టే చేతిసంచులు తక్కువ, కవర్ వేశాక మరీ తక్కువ.

చేతిలోనా, బల్ల మీదా

కంటి లెక్క తేలాక చేతి లెక్క. మినీ 293 గ్రాములు, ట్యాబ్ ఏ9 332, మామూలు 11 అంగుళాల ఐప్యాడ్, ఏ9కే 11 అంగుళాల రూపమైన ట్యాబ్ ఏ9 ప్లస్ రెండూ 480 గ్రాములకు అటూ ఇటూ, 13 అంగుళాల ఎయిర్ 616, 14.6 అంగుళాల శామ్‌సంగ్ ఎస్9 అల్ట్రా 732. వీటికి కవర్ బరువు అదనం. కీబోర్డ్ కవర్ తగిలిస్తే 11 అంగుళాలది కిలో దాకా వెళ్లి చిన్న ల్యాప్‌టాప్‌కు పోటీ అవుతుంది. అసలు బరువు కంటే అది ఎక్కడ మోపుతుందన్నది ముఖ్యం. పుస్తకాన్ని మధ్యలో పట్టుకుంటాం, ట్యాబ్‌ను ఒక అంచున పట్టుకుంటాం, కాబట్టి తెర వెడల్పు పెరిగే కొద్దీ బరువు మణికట్టును కిందికి లాగుతుంది. ఒక చేత్తో పడుకుని చదివేవారికీ, రైల్లో పై బెర్తు మీదో సిటీ బస్సులో నిలబడో చదివేవారికీ చిన్నది తప్ప మరొకటి నప్పదని గట్టిగానే చెప్పగలను. దుకాణంలో పట్టుకుని చూసేటప్పుడు రెండు చేతులతో ఎత్తి ఆహా అనుకుని దింపేయకుండా, ఒక చేత్తో, బొటనవేలు అంచు మీదే ఉండేలా, ఐదు నిమిషాల పాటు పట్టుకుని నిలబడాలి. అమ్మేవారు విచిత్రంగా చూస్తే చూడనివ్వండి.

ట్యాబ్ ఎప్పుడూ బల్ల మీదో, స్టాండు మీదో ఉండేటట్టయితే బరువు ప్రసక్తే లేదు, పెద్దదే తీసుకోవాలి. ఇంట్లోని పెద్దవాళ్ల కోసం కొనేటప్పుడు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. చేతికి తేలికగా ఉంటుందని చిన్నది కొనిపెట్టడం చాలా ఇళ్లలో చూస్తుంటాం. వారికి కావలసింది తేలిక కాదు, పెద్ద అక్షరాలు, పెద్ద మీటలు. 11 అంగుళాలదీ, దానికొక గట్టి లోహపు స్టాండూ కొనిస్తే అమెరికాలో ఉన్న పిల్లలతో మాట్లాడేటప్పుడు మనవల ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి, ట్యాబ్ పట్టుకుని చేతులు నొప్పెట్టవు. వీడియో కాల్స్ ముఖ్యమైతే ముందు కెమెరా ఏ అంచున ఉందో కూడా చూడండి. మినీకి అది పొట్టి అంచున ఉంటుంది కాబట్టి అడ్డంగా నిలబెట్టి మాట్లాడితే చూపు పక్కకు పోయినట్టు అవతలివారికి అనిపిస్తుంది. 11 అంగుళాల మామూలు ఐప్యాడ్‌లోనూ, ట్యాబ్ ఏ9 ప్లస్‌లోనూ పొడవాటి అంచున ఉంటుంది.

పిల్లల చదువుకు

హైదరాబాద్‌లో బిగించి 2011లో విడుదల చేసిన, విద్యార్థుల కోసం కేంద్ర ప్రభుత్వం తెచ్చిన చవక ఆకాశ్ ట్యాబ్ తెర 7 అంగుళాలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు ఇవ్వడం మొదలుపెట్టినవి 8.7 అంగుళాలవి. ముందుగానే ఎక్కించిన వీడియో పాఠాలు చూడడానికి ఆ పరిమాణం చాలు, పిల్లల చేతికీ సంచికీ అదే అనువు. చూడడంతో ఆగకుండా పక్కనే నోట్సు రాసుకోవాలన్నా, పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెరిచి పెట్టుకోవాలన్నా చిన్న తెర చాలదు. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలున్నాయి. రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చదివితేనే వాటి ప్రయోజనం. 11 అంగుళాల తెరను అడ్డంగా పెడితే ఒక్కో పేజీకి నాలుగున్నర అంగుళాల వెడల్పు దక్కుతుంది, పదాలను పోల్చి చూసుకోవడానికి అది పర్వాలేదు; 8 అంగుళాలవాటిలో ఒక్కో పేజీ ఫోన్ తెర కంటే కాస్త వెడల్పుగా మిగులుతుంది, అంతే. పైగా చిన్న తెరను పిల్లలు కంటికి మరీ దగ్గరగా పెట్టుకుంటారు. స్టాండు మీద పెట్టిన పెద్ద తెరతో ఆ దూరం దానంతటదే పాటించబడుతుంది.

రాత, టైపింగు, బొమ్మలు

చిన్న ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుని రెండు బొటనవేళ్లతో ఫోన్‌లా టైపు చేయవచ్చు. తెలుగు కీబోర్డులోనైనా, గూగుల్ కీబోర్డ్ యాప్ అయిన జీబోర్డ్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునే పద్ధతిలోనైనా సుఖంగా సాగుతుంది. 11 అంగుళాలదానిలో బొటనవేళ్లు మధ్య అక్షరాలకు అందవు, ఒళ్లో పెట్టుకునో బల్ల మీద పెట్టుకునో అన్ని వేళ్లతో కొట్టాలి. రోజూ పేజీల కొద్దీ రాసేవారికి విడి కీబోర్డుతో 11 లేదా 13 అంగుళాలే దారి. పెన్నుతో రాయడానికి కాగితాన్నే కొలమానంగా తీసుకోండి: 11 అంగుళాల తెర ఏ5 (ఏ4లో సగం) కాగితం కంటే కొంచెం పెద్దది, మినీ తెర జేబు డైరీ పేజీ వంటిది. మీటింగులో నాలుగు ముక్కలు రాసుకునేవారికి డైరీ చాలు, లెక్కలు చేసే విద్యార్థికి చాలదు. తెర పెద్దదైతే మంచి పెన్ను కూడా పనిచేస్తుందని మాత్రం అనుకోవద్దు. ఆపిల్ పెన్సిల్ ప్రో మినీ మీద పనిచేస్తుంది, దానికంటే పెద్దదైన మామూలు ఐప్యాడ్ మీద పనిచేయదు. శామ్‌సంగ్ ఎస్9 వరుసకు ఎస్ పెన్ అనే దాని సొంత పెన్ను డబ్బాలోనే వస్తుంది, చవకైన ఏ9 రెండు పరిమాణాల్లో దేనికీ అది నప్పదు.

సినిమా చూసేవారు ఆకారం చూడాలి

మన సినిమాలు ఎక్కువభాగం స్కోప్‌లో, ఎత్తుకు రెండు రెట్లకు మించిన వెడల్పుతో ఉంటాయి. ఐప్యాడ్‌ల వంటి చదరానికి దగ్గరైన తెరలో పైనా కిందా నల్లపట్టీలు బాగా మిగిలిపోతాయి. 12.4 అంగుళాల 16:10 తెర మీద సినిమా ఎంత పెద్దగా కనబడుతుందో, 13 అంగుళాల ఐప్యాడ్ మీదా ఇంచుమించు అంతే పెద్దగా కనబడుతుంది. చదువుకు ఐప్యాడ్ ఆకారం, సినిమాకు 16:10 ఆకారం మేలని స్థూలంగా చెప్పవచ్చు.

ధర, బ్యాటరీ

చిన్నది చవక అన్న నమ్మకం ఆండ్రాయిడ్‌లో చాలావరకు నిజం, ఆపిల్‌లో కాదు. భారత్‌లో విడుదలైనప్పుడు మినీ ప్రారంభ ధర 49,900 రూపాయలు, 2025లో వచ్చిన 11 అంగుళాల మామూలు ఐప్యాడ్‌ది 34,900. మినీకి ఇచ్చే అదనపు సొమ్ము మెరుగైన ప్రాసెసర్‌కూ, తేలికదనానికీ. బ్యాటరీని బట్టి పరిమాణాన్ని ఎంచుకోవలసిన పనిలేదు: పెద్దవాటిలో బ్యాటరీ పెద్దది, తెర వాడే కరెంటూ ఎక్కువే; ఆపిల్ తన ట్యాబ్‌లన్నిటికీ వైఫై మీద 10 గంటలనే చెబుతుంది. పెద్దదాన్ని చార్జ్ చేయడానికి మాత్రం ఎక్కువ సేపు పడుతుంది, పాత ఫోన్ చార్జర్‌తో అయితే మరీ ఎక్కువ.

ఇంత చూసినా రెండింటి మధ్య ఊగిసలాట తీరకపోతే, మీ దగ్గర ల్యాప్‌టాప్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చేయండి. ఉంటే ఏ4 పీడీఎఫ్‌లూ, పెద్ద పనులూ దాని మీద సాగుతాయి కాబట్టి చిన్న ట్యాబ్ తీసుకోవచ్చు. లేకపోతే 11 అంగుళాలదే. కొనేటప్పుడు ఆ నమూనాకు కవర్, గాజు రక్షణ పొర దొరుకుతున్నాయో లేదో అదే దుకాణంలో అడగండి, ఎందుకంటే తక్కువగా అమ్ముడుపోయే పరిమాణాలకు అవి మన ఊళ్లలో దొరకక తెప్పించుకోవలసి వస్తుంది. తెరిచిన డబ్బాను వెనక్కి తీసుకుంటారా, ఎన్ని రోజుల్లోగా తీసుకుంటారన్నది బిల్లు కట్టకముందే తెలుసుకుని, ఆ గడువు లోపలే మీ పీడీఎఫ్‌లను ఎక్కించి, జెరాక్స్ కాగితాలను పక్కన పెట్టుకుని చదివి చూడండి.